మూడు కూతలు, మూడు ముళ్లు

ఆ పొద్దున్న కాకినాడ రేవులో ఓడ ఎక్కబోతూ చెల్లుబోయిన ఫణీంద్ర వాళ్లమ్మకి ఫోన్ చేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తాను, చిక్కుడుకాయ కూర వండి ఉంచమని చెప్పాడు. అమ్మ వండింది. ఉంచింది. ఎంతసేపని ఉంచుతుంది పాపం!

ఫణీంద్ర చేసే ఉద్యోగం ఏమిటో ముందే చెప్పేయడం మంచిది. మన తీరానికి దూరంగా, సముద్రంలో ఇనుప కాళ్ల మీద నిలబడ్డ గ్యాస్ ప్లాట్‌ఫారాలు ఉంటాయి. వాటి మీద మనుషులుంటారు, వాళ్లకి ఆకలేస్తుంది. అందుకని కూరగాయలూ మంచినీళ్లూ మోసుకెళ్లే ఓడలుంటాయి. ఆ ఓడలు ప్లాట్‌ఫారం పక్కన లంగరు వెయ్యకుండా, గాలికీ కెరటానికీ కొట్టుకుపోకుండా ఉన్నచోటే నిలబడాలి. గాలి ఇటు తోస్తే ఓడలోని కంప్యూటర్ అడుగునున్న పంకాల్ని అటు తిప్పి ఓడని నిలబెడుతుంది. కెప్టెన్ చెయ్యవలసిందల్లా 'నిలుపు' అనే ఆకుపచ్చ మీట నొక్కి టీ తాగడమే. ఆ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ సవ్యంగా ఉందో లేదో పరీక్ష చేసి చెప్పడం ఫణీంద్ర పని. అతను పనిచేసేది తీరనౌకా మృదుయంత్ర పరీక్షా మండలిలో. మృదుయంత్రం అంటే మరేం కాదు, సాఫ్ట్‌వేరే. మండలి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ అన్నవాడిని చదువుకోనివాడిని చూసినట్టు చూస్తారు.

మండలిలో అప్పుడే ఒక కొత్త నియమం పుట్టింది. దాని పుట్టుకకి కారణం టమాటాలు. వేరే ఓడలో ఎవరో హుషారైన ఇంజినీరు నడిసముద్రంలో ఉండగా, ఎవరికీ చెప్పకుండా సాఫ్ట్‌వేర్ మార్చేశాడు. దాంతో ఓడ మీద క్రేన్‌కి కుడీ ఎడమా తారుమారయ్యాయి. బుట్టల కొద్దీ టమాటాల్ని ప్లాట్‌ఫారం మీద దింపవలసింది పోయి, ఎంతో భద్రంగా సముద్రంలో దింపింది. ప్లాట్‌ఫారం వాళ్లు చాలా రోజులు చింతపండు చారుతో సరిపెట్టుకున్నారు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. పరీక్ష అయిపోయాక సాఫ్ట్‌వేర్ మార్చకూడదు అని తీర్మానించి లేచిపోతే సరిపోయేది. లేవబోతుండగా ఒక సభ్యుడు, "సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారకుండా ఉంటే చాలా? తాడు మారితే? మనిషి మారితే?" అన్నాడు. చాలు అన్నవాడి నెత్తి మీద రేపు మళ్లీ టమాటాలు పడతాయి. అందుకని ఎవరూ చాలు అనలేదు. చివరికి, పరీక్షలో నెగ్గిన ఓడ పరీక్ష సమయంలో ఎలా ఉందో, ఎవరెవరితో ఉందో, మళ్లీ పరీక్ష జరిగేదాకా అలాగే ఉండాలని నిర్ణయించారు. దానికి పరీక్షిత స్థితి పరిరక్షణ నియమం అని పేరు పెట్టి, జీడిపప్పు పకోడీ తిని వెళ్లిపోయారు.

ఈ మండలికి ఇంకో అలవాటుంది. ముహూర్తం చూడకుండా ఏ పరీక్షా చెయ్యరు. ముహూర్తాలు పెట్టడానికి పులిగడ్డ విశ్వపతి శాస్త్రి గారని ఒక పురోహితుణ్ణి పెట్టుకున్నారు. ఆయన్ని పురోహితుడంటే ఆడిట్ వాళ్లు ఊరుకోరని, కాలనిర్ణయ సలహాదారు అని హోదా ఇచ్చారు.

ఆ నియమం వచ్చాక మొదటి పరీక్ష మన ఫణీంద్రకే తగిలింది. ఓడ పేరు సముద్రతిలక. రేవులో గుంజకి కట్టి ఉంది. జాయింట్ డైరెక్టర్ గంటి సోమయాజులు గారు ఆఫీసు నుంచి తన కుర్చీని కూడా వెంట తెచ్చుకున్నారు. ఆ కుర్చీ వెనక తెల్ల తువ్వాలు ఉంటుంది. ఆ తువ్వాలు లేని కుర్చీలో ఆయన కూర్చోగా చూసినవాళ్లు లేరు. కొబ్బరికాయ కొట్టారు. శాస్త్రిగారు రేవులోనే నిలబడి వాచీ చూసి "కానివ్వండి" అన్నారు. కెప్టెన్ బెహరా ఆకుపచ్చ మీట నొక్కాడు.

ఓడ నిలబడింది, బ్రహ్మాండంగా నిలబడింది. దాంతోపాటు ఓడ హారన్ "భోం... భోం... భోం..." అని మూడుసార్లు కూసింది. రేవులో కొంగలన్నీ లేచిపోయాయి.

ఫణీంద్ర తన కంప్యూటర్‌లో వెతికి కారణం పట్టుకున్నాడు. "ఏం లేదు సార్. ఒక్క లైన్‌లో తప్పు పడింది. మీట నొక్కగానే చిన్న దీపం వెలగాలి. దాని బదులు హారన్ మోగుతోంది. టీ తాగి వచ్చేలోపు సరిచేసేస్తాను."

సోమయాజులు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "అట్టి కూత వలన నౌకకు హాని కలుగునా?"

"హానేం లేదు సార్. చెవులు చిల్లులు పడతాయంతే."

"చెవులు మండలి పరిధిలోనివి కావు. నౌక నిలిచినదా?"

"నిలిచింది సార్."

"అటులైన నెగ్గినది," అని ఆయన సంతకం పెట్టేశారు. "మూడు కూతలతో సహా నెగ్గినది. ఇకపై ఆ కూత లోపము కాదు, స్థితి. స్థితిని సరిచేయుట నేరము."

పోన్లే, ఓడ వాళ్లు దూది పెట్టుకుంటారు అనుకుని ఫణీంద్ర సంచీ భుజాన వేసుకుని దిగడానికి మెట్లదగ్గరికి నడిచాడు. ఒక కాలు మెట్టు మీద వేశాడో లేదో, వెనకనుంచి సోమయాజులు గారి కేక వినిపించింది.

"ఆగవలెను! మీరెక్కడికి?"

"ఇంటికి సార్. అమ్మ చిక్కుడుకాయ..."

"పరీక్ష జరిగినప్పుడు మీరు నౌకపై ఉన్నారా, లేరా?"

"పరీక్ష చేసింది నేనే కదండీ!"

"అందుచేతనే మీరు స్థితిలో అంతర్భాగము. మీరు దిగుట మార్పు."

ఫణీంద్ర ముందు నవ్వాడు. ఎదుటి మొహంలో నవ్వు కనబడకపోయేసరికి అతని మొహంలోదీ ఆరిపోయింది. అంతలో నెత్తి మీద బుట్టతో గంగరత్నం వచ్చింది. ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముకోవడానికి కాసేపటి క్రితం ఓడెక్కిన మనిషి.

"తప్పుకోండి బాబుగారూ, అవతల బస్టాండు బేరాలున్నాయి."

"ఈమె కూడా స్థితియే," అన్నారు సోమయాజులు గారు.

"ఏంటండీ, తిడతన్నారా?" అంది గంగరత్నం. సంగతి తెలిశాక బుట్ట దించి కొంగు బిగించింది. "ఇదేం చోద్యమండీ బాబూ! శనక్కాయలు అమ్మడానికెక్కితే ఓడకి మేకులా కొట్టేత్తారేంటండీ?"

అంతా అయ్యాక సోమయాజులు గారు మాత్రం నింపాదిగా లేచి మెట్లు దిగసాగారు. ఫణీంద్రకి ఒళ్లు మండింది. "మరి మీరో సార్? మీరూ ఉన్నారు కదా పరీక్షలో?"

"నా కుర్చీ నౌకపైనే ఉన్నది. అధికారి అనగా కుర్చీయే. తువ్వాలుతో సహా ఉంచి వెళ్లుచున్నాను."

"అయితే నేనూ నా స్టూలు వదిలి వచ్చేస్తానండీ."

"మీ గ్రేడు వారి స్టూలుకు ప్రాతినిధ్య హోదా లేదు," అని ఆయన జీపెక్కి వెళ్లిపోయారు.

కెప్టెన్ బెహరాది బరంపురం పక్క. ముప్ఫై ఏళ్లుగా తెలుగు సముద్రంలో తిరుగుతున్నవాడు. అతను ఫణీంద్ర భుజం తట్టి, "కూర్చో ఫణీ. నీ బాధ నీది. నా బాధ చూడు. పరీక్షప్పుడు ఓడ గుంజకి కట్టి ఉందిట. కాబట్టి ఎప్పుడూ కట్టే ఉండాలిట. కట్టిన ఓడని సముద్రంలోకి ఎలా తీసుకెళ్లేది?" అన్నాడు.

ఈ ప్రశ్న మండలికి పంపితే జవాబు వెంటనే వచ్చింది. రేవులోంచి ఆ గుంజని పెకలించి ఓడ మీద పెట్టమన్నారు. పెట్టారు. ఓడ తన గుంజకి తాను కట్టుకుని, గుంజతో సహా బయల్దేరింది. సముద్రంలో కెరటాలున్నాయి కదా, పరీక్షప్పుడు లేవు కదా అని బెహరా అడిగాడు. సముద్రం వేరే శాఖ కిందకి వస్తుంది, ఉత్తరప్రత్యుత్తరాలు జరుగుతున్నాయి అని జవాబొచ్చింది.

ఇంతవరకైతే ఫణీంద్ర ఎలాగో ఓర్చుకునేవాడే. అయితే జ్యేష్ఠమాసంలో అతని పెళ్లి. పెళ్లికూతురు వకుళ పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెబుతుంది. ఇద్దరూ కలిసి రామారావుపేటలో అద్దెకి ఇల్లు చూసుకుని, అడ్వాన్సిచ్చి తాళంచెవి కూడా తీసుకున్నారు. వంటింట్లో కొత్త కుక్కర్ అట్టపెట్టెలోనే ఉంది. ఓడ మీద గుంజ పక్కన కూర్చుని ఫణీంద్ర ఆ తాళంచెవిని జేబులోంచి తీసి చూసుకునేవాడు. అతనికి ఇంకేం అక్కర్లేదు. ఆ మెట్లు దిగాలి, వెళ్లి ఆ తాళం తియ్యాలి. అంతే.

ఓడ రేవుకొచ్చినప్పుడల్లా ఫోన్‌లో వకుళ గొంతు వినబడేది. "నాకో సంగతి చెప్పండి. మీరు ఆ ఓడలో ఉద్యోగం చేస్తున్నారా, ఆ ఓడకి స్పేర్‌పార్టుగా చేరారా?"

"సెలవు పెట్టాను వకుళా."

"ఇచ్చారా?"

"ఇచ్చారు. పెళ్లి సెలవు సంతోషంగా ఇచ్చారు. ఓడ దిగకుండా వాడుకోమన్నారు."

అటువైపు వకుళ ఏడుస్తోందేమో అనుకున్నాడు ఫణీంద్ర. ఏడవడం లేదు, ఆలోచిస్తోంది. "ఎవరైనా ఓడలోంచి దిగితే మార్పు. మరి కొత్తవాళ్లు ఎక్కితే?"

"అదీ మార్పే."

"మార్పొస్తే ఏమవుతుంది?"

"పాత స్థితి చెడిపోతుంది. మళ్లీ పరీక్ష చెయ్యాలి."

"పాతది చెడిపోయాక, కొత్త పరీక్ష మొదలయ్యేలోపు, ఓడలో ఉన్నవాళ్లు దేనిలో భాగం?"

ఫణీంద్ర నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "దేనిలోనూ కాదు!"

"అదన్నమాట. పెళ్లిరోజు పొద్దున్నే వచ్చి ఓడెక్కుతాను. నేనెక్కగానే మీరు దిగండి. ముహూర్తం వేళకి మండపంలో ఉందాం."

అతనికి ఆ ఫోన్‌నే ముద్దు పెట్టుకోవాలనిపించింది. గంగరత్నం చూస్తోందని ఊరుకున్నాడు.

పెళ్లిరోజు రానే వచ్చింది. వకుళ పసుపుచీరలో, బుగ్గన చుక్కతో, తండ్రి కొప్పిశెట్టి సూర్యారావు, తల్లి సుభద్ర వెంట రాగా రేవుకొచ్చింది. పెళ్లికూతురు కదిలింది కాబట్టి సన్నాయి మేళం కూడా వాయించుకుంటూ వెనకాలే వచ్చేసింది. ఆపమని వాళ్లకెవరూ చెప్పలేదు. అందరూ కలిసి మెట్లెక్కి ఓడ మీదకొచ్చారు.

"చెడిపోయిందండోయ్ స్థితి!" అని కేకపెట్టాడు బెహరా సంతోషంగా. "దిగండి, దిగండి!"

దిగిపోయేవాళ్లే. కానీ పెళ్లికొడుకుని చూడగానే సుభద్ర కళ్లనీళ్లు పెట్టుకుంది, "ఎలా చిక్కిపోయావయ్యా" అని. అల్లుడు ఎండకి నల్లబడ్డాడని సూర్యారావు బెంగపడ్డాడు. గంగరత్నం తన బుట్టా స్టవ్వూ సర్దుకోసాగింది. మనవాళ్లు గుమ్మంలో నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెడితే తెమిలేదెప్పుడు? ఇంతలో మెట్ల మీద సోమయాజులు గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన వెనక రొప్పుతూ విశ్వపతి శాస్త్రిగారు.

జరిగింది ఇది. స్థితి చెడిందని రేవు కాపలావాడు ఫోన్ చెయ్యగానే, సోమయాజులు గారు కొత్త పరీక్షకి ముహూర్తం కోసం శాస్త్రిగారిని వెతికారు. ఆయన ఫణీంద్ర పెళ్లి చేయించడానికి కల్యాణమండపంలో ఉన్నారు. ఈ నెలలో మంచి ముహూర్తం ఇవాళ్టిదొక్కటే మిగిలిందని ఆయన చెప్పారు. మంచి ముహూర్తమనే కదా పెళ్లి కూడా దానికే పెట్టారు! సోమయాజులు గారు ఆయన్ని చెయ్యి పట్టుకుని జీపెక్కించుకొచ్చారు.

ఆయన వచ్చి తువ్వాలు కుర్చీలో కూర్చుని, "పరీక్ష ప్రారంభమైనది. ఎవరును కదలరాదు," అన్నారు.

"అయ్యా, అక్కడ పెళ్లండీ!" అని మొత్తుకున్నాడు సూర్యారావు.

"అక్కడనా?" శాస్త్రిగారు చుట్టూ చూశారు. "పెళ్లికొడుకు ఇక్కడున్నాడు, పెళ్లికూతురు ఇక్కడుంది. మేళం, నేను కూడా ఇక్కడే ఉన్నాం. అక్కడ మిగిలింది మీ వియ్యపురాలూ, వంటవాళ్లూనండి."

"వంట ఏమిటి?" అన్నారు సోమయాజులు గారు.

"గుత్తొంకాయ, పనసపొట్టు కూర, బూరెలు, సేమ్యా పాయసం."

సోమయాజులు గారు క్షణం ఆలోచించారు. "పరీక్షకు హాజరైనవారికి భోజన సదుపాయము కల్పించుట నియమములోనిదే. తెప్పించవలెను."

ముహూర్తం ముంచుకొస్తోంది. వకుళ ఫణీంద్ర మొహం చూసింది. ఫణీంద్ర వకుళ మొహం చూశాడు. ఇద్దరికీ ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "కానివ్వండి," అంది వకుళ. రేవు గుంజే పెళ్లి గుంజ అయింది. దానికి మామిడాకులు కట్టారు. తెర పట్టారు, జీలకర్రా బెల్లం పెట్టుకున్నారు. శాస్త్రిగారు వాచీ చూసి, పెళ్లికీ పరీక్షకీ కలిపి ఒక్కటే మాట అన్నారు. "గట్టిమేళం!"

బెహరా మీట నొక్కాడు. "భోం... భోం... భోం..." మూడు కూతలకి మూడు ముళ్లు పడ్డాయి. వంటతోపాటు వచ్చిన ఫణీంద్ర అమ్మ, మెట్లెక్కనివ్వకపోతే రేవులోంచే అక్షింతలు వేసింది. మేళం వాళ్లు వాయించారో లేదో ఎవరికీ వినబడలేదు.

ఓడ కదలకుండా నిలబడింది. సోమయాజులు గారు మూడో బూరె తింటూ సంతకం పెట్టారు. "వివాహము జరుగుచుండగా, మూడు కూతలు కూయగా, మూడు ముళ్లు పడగా, నౌక నిలిచినది. నెగ్గినది."

ఆ వాక్యం వల్ల ఏం రాబోతోందో ఫణీంద్రకి అప్పుడే అర్థమైంది. మిగతావాళ్లకి తర్వాతి ప్రయాణం నాడు తెలిసింది.

ఆ రోజు నుంచి సముద్రతిలక బయల్దేరినప్పుడల్లా ఫణీంద్రకీ వకుళకీ పెళ్లి. రేవులో ఒకసారి, ప్లాట్‌ఫారం దగ్గర ఓడని నిలపవలసి వచ్చినప్పుడు ఇంకోసారి. మీట నొక్కకుండా ఓడ నిలబడదు, తాళి కట్టకుండా మీట నొక్కకూడదు. కట్టిన తాళినే తీసి మళ్లీ కట్టిస్తారేమిటని సుభద్ర శోకాలు పెడితే, శాస్త్రిగారు మధ్యేమార్గం చెప్పి పసుపుతాడు కొత్తది కట్టించసాగారు. వకుళ మెడలో పసుపుతాళ్ల గుత్తి పెరిగిపోయింది. ప్రతిసారీ మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుందని బెహరా అడిగాడు. సోమయాజులు గారు కొట్టిపారేశారు. "ముహూర్తము పరీక్షకు కావలెను. ఇది పరీక్ష కాదు, వివాహమూ కాదు. ఇది స్థితి." ఇంతకుముందు కుర్చీని మాత్రమే పంపిన ఆయన, ఇప్పుడు ప్రతి ప్రయాణానికీ స్వయంగా వస్తున్నారు. పాయసం కూడా స్థితే కదా!

ప్లాట్‌ఫారం వాళ్లకి మాత్రం పండగైపోయింది. దుర్భిణీలు పెట్టుకుని మరీ చూసేవాళ్లు. పైనుంచి అక్షింతలు చల్లేవాళ్లు. ఒకసారి సరదాపడి స్టీలు గిన్నెలు చదివించబోతే, కొత్త వస్తువులు ఎక్కితే స్థితి చెడుతుందని సోమయాజులు గారు వెనక్కి పంపించేశారు.

"నా తల చూడండి!" అంది వకుళ ఒకనాడు. కళ్లలో నీళ్లు. "మొన్నటి జీలకర్రా బెల్లం వదలకముందే ఇవాళ్టిది. చీమలు పడుతున్నాయి. దువ్వెన దిగడం లేదు. కాలేజీలో సెమిస్టర్ అయిపోయింది. మన ఇంటికి కర్టెన్లు కొనాలనుకున్నాం, గుర్తుందా?"

చీమల సంగతి సోమయాజులు గారి దృష్టికి తెచ్చారు. ఓడలో చీమలు కొత్తగా చేరాయి, ఇది మార్పు కాదా, పరీక్ష పెట్టరా అని ఫణీంద్ర ఆశగా అడిగాడు. "చీమలు బెల్లము యొక్క సహజ పర్యవసానము. స్థితిలో నుండి పుట్టినది స్థితియే," అని తీర్పిచ్చారాయన. మళ్లీ ఎవరూ ఎక్కకుండా, దిగకుండా మెట్ల దగ్గర కాపలా కూడా పెట్టించారు.

ఫణీంద్ర ఆ రోజు అన్నం తినలేదు. జేబులో తాళంచెవికి ఉప్పుగాలికి తుప్పు పట్టింది. దాన్ని చొక్కా అంచుతో రుద్దుతూ కూర్చున్నాడు.

ఈ లోపు జ్యేష్ఠం అయిపోవచ్చింది. సుభద్రకి కొత్త బెంగ పట్టుకుంది. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒక గడప తొక్కకూడదు. ఓడలో గదికి గడప ఒకటే. అందుకని ఆవిడ ముందుజాగ్రత్తగా డెక్కు మీదే చాప వేసుకుని, లోపలికి రానని కూర్చుంది. శాస్త్రిగారు ఆవిడ పక్కన విసనకర్రతో విసురుకుంటూ, "నాకు మాత్రం విశ్రాంతి తల్లీ. ఆషాఢంలో ఎవరికీ ముహూర్తాలు పెట్టను. మండలికైనా సరే. ప్రాణం పోయినా పెట్టను. శ్రావణం దాకా నా పంచాంగం మూసేసినట్టే," అన్నారు.

తలలోని చీమల్ని ఏరుకుంటున్న వకుళ చెయ్యి ఆగిపోయింది. లేచి, ఫణీంద్రని గుంజ చాటుకి తీసుకెళ్లింది.

"ఏవండీ, స్థితి చెడితే మళ్లీ పరీక్ష చెయ్యాలి. పరీక్షకి ముహూర్తం కావాలి. కదా?"

"అవును."

"ఆషాఢంలో చెడితే?"

ఫణీంద్ర కళ్లు పెద్దవయ్యాయి. "శ్రావణం దాకా పరీక్ష లేదు. అంటే శ్రావణం దాకా స్థితే లేదు!"

"స్థితి లేకపోతే అందులో మనమూ లేం. కాపలావాడున్నాడు, ఎవరూ ఎక్కలేరు, దిగలేరు. లోపలే ఏదో ఒకటి మారాలి."

వకుళ కంప్యూటర్ గదివైపు చూసింది. వకుళే మెల్లిగా అంది. "మొదటి రోజు ఒక్క లైన్ తప్పుందన్నారు, హారన్‌ది."

"అమ్మో! అనుమతి లేకుండా సాఫ్ట్‌వేర్ ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది వకుళా. టమాటాలవాణ్ణి ఏం చేశారో తెలుసా? ఇప్పటికీ కాగితాలకి జవాబులు రాసుకుంటున్నాడు."

"సరే," అంది వకుళ. "అయితే రేపు మళ్లీ జీలకర్ర నేను నూరనా, మీరు నూరతారా?"

ఫణీంద్ర ఆమె తలవైపు చూశాడు. ఒక చీమ పాపిట్లోంచి నడుచుకుంటూ నుదుటి బొట్టు దాకా వచ్చింది. అతనికి కోపం వచ్చింది. ఇన్నాళ్లకి, మొట్టమొదటిసారిగా, నిజమైన కోపం. తను చదివిన చదువు తప్పుని పట్టుకోవడానికి. పట్టుకున్న తప్పుని కాపలా కాస్తూ బతకడానికి కాదు. తిన్నగా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గంగరత్నం శనక్కాయలు ఒలుస్తూ గుమ్మంలో కాపు కాసింది. పని టీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

ఆషాఢం వచ్చింది. ఓడ బయల్దేరే వేళయింది. సోమయాజులు గారు కుర్చీలో కూర్చుని, మెడలో రుమాలు దోపుకుని, విస్తరి ముందు సిద్ధంగా ఉన్నారు. తెర దించారు. ఫణీంద్ర పసుపుతాడు పట్టుకుని చేతులెత్తాడు. వకుళ తల వంచింది. "గట్టిమేళం," అన్నారు శాస్త్రిగారు, ఆవులింత ఆపుకుంటూ. బెహరా మీట నొక్కాడు.

ఏమీ కూయలేదు. మీట పక్కన బియ్యపుగింజంత దీపం ఒకటి చక్కగా వెలిగింది. ఓడ ఎప్పట్లాగే కదలకుండా నిలబడింది. చాలా రోజుల తర్వాత కొంగలు ఎగరకుండా ఉన్నచోటే ఉన్నాయి.

సోమయాజులు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "కూయలేదు! ఏల కూయలేదు? మరల నొక్కవలెను!"

మళ్లీ నొక్కారు. మళ్లీ దీపమే వెలిగింది.

"ఘోరము! నౌక చెడిపోయినది! లోపము లోపించినది! శాస్త్రిగారూ, తక్షణము ముహూర్తము చూడుడు!"

"ఆషాఢమండి."

"ఒక్కటైనను లేదా?"

"శ్రావణం దాకా అరఘడియ కూడా లేదండి."

ఫణీంద్ర ఎత్తిన చేతులు దించలేదు. "సార్. అంటే ఈ ఓడ ప్రస్తుతం పరీక్షిత స్థితిలో ఉన్నట్టా, లేనట్టా?"

సోమయాజులు గారు చాలాసేపు పెదవులు కదిపారు. నియమాన్ని తిరగేసి, బోర్లేసి చూసుకున్నారు. అబద్ధం చెప్పడానికి నియమం ఒప్పుకోలేదు. "లేనట్లే," అన్నారు.

ఆ మాట పూర్తి కాకముందే గంగరత్నం బుట్ట నెత్తినెట్టుకుని మెట్ల మీదుంది. "తప్పుకో బాబూ, నేనిప్పుడు తితిని కాదు," అని కాపలావాణ్ణి తోసేసి దిగిపోయింది. ఆమె వెనక సన్నాయి, డోలు, సుభద్ర, సూర్యారావు, శాస్త్రిగారు. అందరూ ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కోకుండా దిగేశారు.

"ఫణీంద్రా!" అని పిలిచారు సోమయాజులు గారు కుర్చీలోంచే. ఫణీంద్ర మెట్టు మీదే ఆగిపోయాడు. అయిపోయింది ఉద్యోగం, అనుకున్నాడు. "ఈ లోపము ఎటుల మాయమైనదో కనుగొని, పూర్వపు కూతను పునరుద్ధరించుటకు ఒక విచారణ సంఘమును నియమించుచున్నాను. మృదుయంత్రము తెలిసినవారు మీరొక్కరే. మీరే అధ్యక్షులు. నివేదిక శ్రావణములో ఇవ్వవలెను."

"చిత్తం సార్," అన్నాడు ఫణీంద్ర, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంటూ. "క్షుణ్ణంగా విచారిస్తానండి."

కెప్టెన్ బెహరా మామిడాకులు కట్టిన గుంజని రేవులోకి దొర్లించేశాడు. స్థితి ఉన్న ఓడ మారకూడదు గానీ, స్థితే లేని ఓడ ఇలాగే వెళ్లాలని ఏ నియమంలోనూ లేదు. కూరగాయలు ఎక్కించుకుని, తాడు విప్పుకుని, ఏ చప్పుడూ లేకుండా సముద్రం మీదకి వెళ్లిపోయాడు. సోమయాజులు గారు కుర్చీలో కూర్చుని నియమం గురించి ఆలోచిస్తూనే ఉండిపోయారు. ఓడ కదిలిన సంగతి ఆయన గమనించలేదు.

ఆషాఢంలో కొత్త దంపతులు ఒకచోట ఉండకూడదని సుభద్ర అంటే, ఇన్ని పెళ్లిళ్లయినవాళ్లు కొత్త దంపతులేమిటని సూర్యారావు కొట్టిపారేశాడు. రామారావుపేటలో తాళం కాసేపు మొరాయించి, కొబ్బరినూనె చుక్క వేశాక తెరుచుకుంది. వకుళ తలంటుకుంది. ఎన్ని నీళ్లు పోసుకున్నా జీలకర్ర వస్తూనే ఉంది. ఫణీంద్ర అట్టపెట్టె విప్పి కొత్త కుక్కర్ తీసి, చిక్కుడుకాయలు తరిగాడు. ఇద్దరూ ఇంకా కర్టెన్లు లేని కిటికీ కింద చాప వేసుకుని, కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. మెట్లు దిగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని ఇల్లు. వకుళ మొదటి ముద్ద కలిపి, "బాగుంది" అంది. ఆ మాటకి ఫణీంద్రకి కళ్లు చెమర్చాయి.

వీధిలో ఆటో ఒకటి వచ్చి ఆగింది. పక్కింటివాళ్ల కోసం కాబోలు, వరసగా మూడుసార్లు హారన్ కొట్టింది.

వకుళ ముద్ద కంచంలో వదిలేసి తల వంచింది. ఫణీంద్ర ఎంగిలిచేతులు రెండూ ఎత్తి, ఆమె మెడ దాకా తీసుకెళ్లాడు.